స్లాబ్ మీద మట్టి

ఐదో తారీకు పొద్దున్నే ఫోన్ ఒకసారి మూలుగుతుంది.
పదహారు వేల నాలుగొందల ఎనభై రెండు.
అప్పటికి నేను మేడ మీదుంటాను,
దొండపాదు కింద, బియ్యం కడిగిన నీళ్ల మగ్గుతో.
చూడను. తెలుసు కదా.

మల్కాపురంలో ఎనభై గజాలు.
కాగితం బేంకు దగ్గర, తాళం మా దగ్గర.
కాగితంలో హద్దులు రాశారు:
తూర్పున పన్నెండడుగుల సందు,
పడమర అప్పలస్వామి గారి గోడ.
పైన ఏముందో ఎవరూ రాయలేదు.
అందుకే నేను పైన మొదలుపెట్టాను.

ఫిషింగ్ హార్బర్ నుంచి ధర్మాకోల్ పెట్టెలు,
ఐసు తడి ఆరకుండానే తెచ్చాడు పైడిరాజు.
ఎన్నిసార్లు కడిగినా వంజరం వాసన పోలేదు.
మొదటి నెలంతా గోంగూర చుట్టూ వీధి పిల్లులే.
మట్టి సబ్బవరం నుంచి, బియ్యం గోనెల్లో,
మా తమ్ముడి ఆటోలో మూడు ట్రిప్పులు.
"స్లాబ్ మీద అంత బరువేంటే?"
ఇరవయ్యేళ్ల బరువుకి నిలబడే సంతకం పెట్టినవాడు
పన్నెండు గోనెలకి భయపడ్డాడు.
నేను నవ్వలేదు.
గోనెలు బీముల మీదుగా జరిపాను.

ఆయన పోర్టులో క్రేను మీద.
సి షిఫ్ట్ దిగి వచ్చేసరికి నేను నీళ్లు పోస్తుంటాను.
చొక్కా మీద బొగ్గు, బీరాకు మీద బొగ్గు.
రెండూ నేనే దులపాలి.

"రైతుబజార్లో కిలో ఇరవైకి ఇస్తన్నారు గదే"
అంటాది మా అత్త నూకాలమ్మ,
అంటూనే బచ్చలి తుంచుతాది.
యామిని తొమ్మిదో తరగతి. లెక్కల నోటు వెనక
నెలంతా కోసినవి రాసి కూడింది:
ఆరొందల పన్నెండు రూపాయలు.
"అమ్మా, వాయిదాలో ఇది నాలుగు శాతం కూడా కాదు."
నోటు తీసుకుని చూశాను.
ఆనపకాయ పక్కింటికిచ్చింది రాయలేదు దొంగది.

జూలైలో బేంకు ఉత్తరం.
వడ్డీ పెరిగింది, వాయిదా అంతే,
గడువు మాత్రం పద్నాలుగు నెలలు సాగింది.
నీళ్లు పోయకుండా, ఎరువెయ్యకుండా
మా ఇంట్లో పెరిగింది అదొక్కటే.
ఆ రాత్రి గొడవ స్కూలు ఫీజు దగ్గర మొదలై
రెండొందల యాభై పెట్టి నేను కొన్న
వానపాముల ఎరువు సంచీ దగ్గర ఆగింది.
మాటల్లేవు.
రెండ్రోజుల్లో బెండకాయలు ముదిరిపోయాయి.

అక్టోబర్లో వాయుగుండం.
పోర్టులో మూడో నంబరు జెండా ఎగరేశారు,
క్రేన్లు ఆపేశారు, ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు.
వచ్చి చెప్పులిప్పకుండా పైకెళ్లాడు.
ఒక్కో పెట్టే భుజానికెత్తి దించాడు. నేను, యామిని వెనకాల.
దొండపాదుని తీగతో సహా, నిద్రపోయే పిల్లని దించినట్టు.

కరెంటు పోయింది.
హాలంతా తడిమట్టి వాసన, కొంచెం వంజరం.
కిటికీ రెక్కల్ని గాలి గుద్దుతూనే ఉంది.
"నాన్నా, ఈ ఇంట్లో ఇప్పటిదాకా మనది ఎంత?"
టార్చి వెలుగులో ఆయన చాలాసేపు వేళ్లు మడిచాడు.
అసలు వేరు, వడ్డీ వేరు.
"హాల్లో నలభై రెండు టైల్స్ అనుకో.
ఏడు మనవి."

ఏ ఏడో యామినే తేల్చింది,
వంటగది గుమ్మం దగ్గరవి, సుద్దముక్కతో గీసి మరీ.
మా అత్త చాప లాక్కొచ్చి వాటి మీద వేసింది.
"బేంకోడి నేల మీద నాకు నిద్దరట్టదు."
నలుగురం ఆ ఏడు టైల్స్ మీదే
మోకాళ్లు మడిచి, ఒకళ్లకొకళ్లం ఆనుకుని,
వేయించిన మరమరాలు తిన్నాం.
ముప్పై అయిదు టైల్స్ గోంగూరకి వదిలేసి.

తెల్లారి పెట్టెలన్నీ పైకి మోశాక
నేలంతా మట్టి చారలు,
సుద్దగీత దాటి, సోఫా కిందికి, వీధి గుమ్మం దాకా.
గుడ్డ తడిపాను.
"ఉండనియ్యే," అంది అత్త,
"ఆరితే తుడుద్దువు గాని."

పైన దొండపాదుకి మూడు కాయలు మిగిలాయి.
ఆయనకి బి షిఫ్ట్. కేరేజీకి చాలవు.
బంగాళాదుంప కలపాలి.