పుట్టుమచ్చలు

మందస దాటి, తారు అయిపోయాక
మహేంద్రతనయ మాటలు వినిపిస్తాయి.
పుష్యమాసం. వాగులో చెయ్యి పెడితే
వేలి ఉంగరం వదులైపోయింది.

"ఏటెతుకుతన్నావమ్మా, రాళ్ళకింద?"
సొంబారి, గట్టుమీంచి, బీడీ ఆర్పకుండానే.
"ఈగలు."
"ఈగల కోసరం సికాకుళం నుంచొచ్చినావా!
మా పాకలోకి రా, పట్టినన్ని పట్టుకో."

చాటంత రాయి ఎత్తి అడుగుపక్క ఎండకి తిప్పాను.
తడిమీద తడి కదిలినట్టు
ఏదో జరిగింది, ఆగింది, రాయిని కరుచుకుంది.

తోకలు లెక్కపెట్టాలి ముందు.
మూడుంటే అది ఒక్కపూట ఈగ పిల్ల, వదిలెయ్యాలి.
రెండే ఉన్నాయని సంబరపడనూ కూడదు,
ఎక్కడో ఒకటి పోగొట్టుకున్నదీ రెండు తోకలతోనే తిరుగుతుంది.
కాలిగోళ్ళు అబద్ధమాడవు.
కాలికి రెండేసి గోళ్ళు, చంకల్లో
తెల్లటి దారపు కుచ్చులు:
ఊపిరి అక్కడ దాచుకునేది రాయీగ.

రాత్రి, డే అండ్ నైట్ జంక్షన్ వెనక అద్దెగదిలో
అడిగి తెచ్చుకున్న మైక్రోస్కోపు.
ఎదురుగా గుర్తుల పుస్తకం,
ఎక్కడో గడ్డకట్టే దేశంలో పుట్టింది.
మంచుమీద నడుస్తూ దొరికిందా? అని అడుగుతుంది మొదటే.
మాకు మంచంటే
జీడితోటల మీద తెల్లారగట్ల నిలబడే పొగ.
దానిమీద ఎవరు నడుస్తారు?

పాదంలో మూడు కణుపులు.
మూడూ సమానమైతే ఒక కుటుంబం,
నడిమిది పొట్టైతే ఇంకోటి,
రెండూ చలికాలపు ఈగలే.
దీనికి మొదటి రెండూ పొట్టి, చివరిది పొడుగు.
అంటే చలికాలపుది కాదు.
చలికాలంలో నాకు దొరికింది, అంతే.

నడినెత్తిన చిన్నకళ్ళు: రెండా, మూడా?
రెండు.
కాదు, ముందువైపు ఇంకో చుక్క మెరిసింది.
గుండె గబగబా కొట్టుకుంది.
ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అనుకున్నాను.
కుంచె కొసతో తాకితే
చుక్క జరిగి పక్కకొచ్చింది.
అభ్రకం రేణువు.

నా పదో తరగతి సర్టిఫికెట్లో
గుర్తుకి రెండు పుట్టుమచ్చలు రాయాలన్నారు.
మెడకింద ఒకటుంది. రెండోది ఎంత వెతికినా లేదు.
గుమాస్తా లగుడు సన్యాసిగారు గడియారం చూసి
'కుడి మోకాలిపైన' అని రాసేశారు.
అక్కడేమీ లేదు.
పద్నాలుగేళ్ళుగా అన్ని ఆఫీసుల్లోనూ
లేని ఆ మచ్చే నేను.

అందుకే కాబోలు, రేణువు తీసేశాక కూడా
ఆ చోటే చూస్తూ కూర్చున్నాను, బల్బు వేడెక్కేదాకా.

పిల్లగా ఉండగా జాతి తేలదు.
రెక్కలొచ్చిన మగదాని
కడుపు చివర, లోపల మడిచి దాచుకున్నది విప్పి చూడాలి.
ఈ మాట వాగుదగ్గర ఎలా చెప్పాలో తెలీక
"పెద్దవ్వాలి" అన్నాను సొంబారితో, మళ్ళీ వెళ్ళినప్పుడు.
"జాతి తేల్డానికా?"
"ఆఁ."
బీడీ నలిపి వాగులోకి కాదు, చెవిమీద పెట్టుకున్నాడు.
"నాకు మండలాఫీసులో మూడేళ్ళు పట్టింది.
మా తాత పేరు సాలదన్నారు. నా మొకం సాలదన్నారు."

తరవాత ఏమీ అనలేదు. నీళ్ళలోకి దిగి
నేను ఎత్తలేని బండని భుజంతో ఒరిగించాడు.
దానిమీద, నీటికి జానెడు పైన,
వీపు నిలువునా చీలిన ఖాళీ చర్మం.
తోకలు రెండూ, గోళ్ళన్నీ, రెక్కల సంచులు,
కళ్ళమీది సన్నపొర కూడా
ఉన్నచోటే ఉన్నాయి.
గాలొస్తే రాయిని ఇంకా వదల్లేదు.

సారాయిలో సిరా కరిగిపోతుంది,
చీటీ పెన్సిల్‌తో రాస్తాను:
మందస పైన వాగు. పుష్య బహుళ తదియ.
నెత్తిన చుక్కలు రెండు.
జాతి:
సేకరణ: సవర సొంబారి.

"నా పేరెందుకమ్మా అందల?"
సీసా ఎండకి ఎత్తి,
ఒక కన్ను మూసి చూస్తున్నాడు.