మంచు మందం

నాలుగు మిల్లీమీటర్లు, అంది డాక్టర్ కెట్టునెన్
తెర మీద పెన్ను మూత ఆనించి.
మెదడు అడుగున రక్తనాళం రెండుగా చీలే మలుపులో
గోడ పలచబడి పొంగిన బుడగ,
ఇంకా ఎరుపెక్కని లింగన్‌బెర్రీ అంత.

నాకు నవ్వొచ్చింది.
ముప్పై ఒక్క శీతాకాలాలుగా నా ఉద్యోగం ఇదే:
కల్లవేసి సరస్సు మీద బరమాతో బెజ్జం వేసి
మంచు ఎంత మందం కట్టిందో కువోపియో ఊరికి చెప్పడం.
ఐదు సెంటీమీటర్లయితే మనిషి నడవొచ్చు.
పదిహేనైతే స్నో స్కూటర్.
కారుకి ఇంకా ఆగాలి.
ఈ గోడ మందం ఎంత, అనడిగాను.
"అది కొలిచే బరమా మా దగ్గర లేదు" అంది.
తెలియదని చెప్పగల మనిషంటే నాకు గురి.

మా అక్క ఐరా దీంతోనే పోయింది.
రై రొట్టె కోస్తూ కోస్తూ
"ఎవరది, తల మీద కొట్టింది?" అని
వెనక్కి తిరిగి చూసిందట.
అందుకే మమ్మల్నందర్నీ వరసగా
ఆ గోలచేసే సొరంగంలో పడుకోబెట్టారు.
తమ్ముడికి ఏమీ లేదు. నాకుంది.
వాడు ఫోన్ చేసి క్షమించమన్నాడు, ఎందుకో మరి.

పుర్రె తెరవొచ్చు, అంది డాక్టర్.
తొడలోంచి సన్నని గొట్టం పంపి
ప్లాటినం తీగ చుట్టలతో బుడగని పూడ్చనూవచ్చు.
కానీ ఇంత చిన్నదానికి
చెయ్యడంలో ఉన్న ముప్పు, ఊరుకోవడంలో ఉన్న ముప్పు కంటే పెద్దది.
"అయితే?"
"కనిపెట్టాం కదా. ఇక కనిపెట్టుకుని ఉందాం."

మొదటి నెల తుమ్మడానికి భయం.
వంగి బూటు తాడు కట్టుకోవడానికి భయం.
రాత్రి దిండుకి చెవి ఆనిస్తే
లోపల ఎవరో మంచు మీద నడుస్తున్న చప్పుడు.
ఇర్మెలి నా సిగరెట్లు పొయ్యిలో వేసింది.
నేను తిట్టలేదు, రక్తపోటు పెరుగుతుందని.

పొద్దున్నే చేతికి పట్టీ చుట్టుకుంటాను.
ఒకటే నోటుబుక్కు:
ఎడమ పేజీలో మంచు, కుడి పేజీలో నేను.
ఓసారి ఆఫీసుకి పంపిన కాగితంలో అంకెలు తారుమారై
ఆ వారం సరస్సుకి రక్తపోటు వచ్చింది.

ఏడాది తిరిగింది. మళ్లీ సొరంగం.
నాలుగే. పెరగలేదు.
ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు,
తర్వాతి తేదీ రాసుకున్నాం.

జనవరి చలికి మంచు ఉరుముతుంది.
కొత్తవాళ్లు ఒడ్డుకి పరుగెడతారు.
అది విరగడం కాదు, బిగుసుకోవడం అని
ఎన్నిసార్లు చెప్పానో.
నిన్న ఆ ఉరుముకి నేనే ఆగిపోయాను,
చెయ్యి తల మీద పెట్టుకుని.

స్కీలు భుజాన వేసుకున్న ఓ పిల్ల
నా బెజ్జంలోకి తొంగి చూసి అడిగింది:
"తాతా, మోస్తుందా?"
కొలకర్ర పైకి తీసి, తడి తుడిచి చూశాను.
ఇవాళ మోస్తుంది, అన్నాను.
వచ్చే వారం మళ్లీ కొలుస్తాను.