బూడిద పూత

పుష్యం పోతూ పోతూ మంచును మా తోటల మర్చిపోయింది.
సారంగపూర్ దారిల, మోరీ దాటినంక ఎడమ దిక్కు,
నూట పదకొండు మామిడి చెట్లు.
పొద్దుగాల పోయి చూస్తే కంకులన్నీ తెల్లగున్నయి.
పిండిగిర్ని రాజలింగం
రాత్రి వచ్చి తల దులుపుకొని పోయిండేమో అనుకున్న.

వేలుతో రాస్తే వచ్చింది.
తడి లేదు. బరువు లేదు.
కింద పూత రాలుతుంటె సప్పుడు సుత లేదు.

మా అవ్వ చిక్కుడు తీగకు బూడిద సల్లేది
పేను పోతదని.
బూడిదతోనే అంబలి గిన్నెలు తోమేది.
బొడ్డు మీద ఇంత బూడిద అద్దితేనే
నేను బతికిన్నట.
బూడిద మందని నేర్సుకున్న చేతులకు
బూడిదే రోగమంటే
అర్థం కావడానికి రెండు దినాలు పట్టింది.

గుత్తకు పట్టిన యాకూబ్ సేటు బండి దిగిండు.
కంకిని ఎండకు పట్టి చూసిండు, నన్ను చూసిండు.
"బయానా ఇచ్చిన గదా లసుమవ్వా" అన్నడు.
గంతే. గట్టిగ సుత అనలే.

గంధకం కలిపినం.
గంగారాజం పంపు మోసిండు, నేను పైపు పట్టిన.
దీపావళి తెల్లారి వాకిలి తీరు
తోటంత పటాకుల కంపు.
తేనెటీగలు బీడు దిక్కు మర్లినయ్.

జగిత్యాల నుంచి వచ్చిన సారు పేరు యాదికి లేదు,
మాట యాదికున్నది.
ఇది చెట్టును సంపదమ్మా,
సచ్చిన కొమ్మ మీద ఇది బతకలేదు.
దానికి పచ్చిగుండాలె, లేతగుండాలె.
కంటికి ఆనని వేరు దించి
రోజింత, రోజింత తాగుతది.

నేను సేటు దిక్కు చూడలే.
బియ్యం డబ్బాల దాసిన బ్యాంకు పుస్తకాన్ని
తలుసుకోలే.

వాన పడితె కడుక్కపోతదని సుత అన్నడు.
ముప్పై ఏండ్ల సంది
మాఘంల మబ్బు చూస్తె దండం పెట్టి వద్దన్నదాన్ని,
ఆ రాత్రి గడంచె మీద కూసుండి
ఇంత కురువుమని అడిగిన.
రాళ్లు వద్దు, నీళ్లే అని బేరం చేసిన.
కురువలే.

ఇయ్యాల లెక్క పెట్టుకుంట తిరిగిన.
మోరీ పక్క చెట్టుకు, అందేటంత ఎత్తుల,
ఒక్కటే కంకి మిగిలింది.
దాని మీద తెల్లటి మచ్చ, నా బొట్టంత.
కొంగు పట్టిన గని తుడువలే.
మచ్చ పక్కనే గోలీకాయంత పిందె,
రెండూ ఒక్క కాడనే
పట్టుకొని ఉన్నయి.