కాల్ రికార్డవుతోంది

తొమ్మిదైనా తెల్లారని జనవరి, డండీలో.
చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుంటే నేను
కరెంటు కంపెనీ గొంతుని.
బాత్రూముకి రోజుకి పదకొండు నిమిషాలు ఇస్తారు.
అందులో ఆరు పక్కింటి రాట్రే గారికి:
"అన్న మాత్ర మింగాడా? పొయ్యి జోలికి పోలేదు కదా?"
మిగతా ఐదూ నావి.

లాక్లన్ పరంజా మీంచి పడి నాలుగేళ్లు.
కాళ్లూ చేతులూ అతుక్కున్నాయి.
లోపల పలక మీద మాత్రం ఎవరో
రాస్తున్నారు, తుడుస్తున్నారు, మళ్లీ రాస్తున్నారు.
సగం జీతానికి సగం పూట పని అడిగితే
మేనేజరు మర్యాదగా నవ్వి ఒక ఫారం ఇచ్చాడు.
మడత పెట్టిన ఆ ఫారం ఇప్పటికీ ఉంది
మా వంటింటి బల్ల కాలి కింద,
ఊగకుండా.

ఇవాళ నలభై రెండో కాల్.
"మీటరు మూలుగుతోందమ్మా."
నా వెన్ను బిగుసుకుంది.
ఫ్రిజ్ మీద బిల్లు అంటించింది నేనే.
మూడొందల మందిమి ఉన్నాం ఈ హాల్లో,
వచ్చి వచ్చి నా చెవిలో పడ్డాడు.
"మీ పేరు చెప్తారా?"
చెప్పాడు.
"భద్రత కోసం, మీ అమ్మగారి పుట్టింటి పేరు?"
"గెడ్డెస్." తడుముకోలేదు.
మా అమ్మ పుట్టింటి పేరు
టైపు చేశాను. సరిపోయింది.

"మీకు జలుబు చేసినట్టుంది.
నిమ్మకాయ, వేడినీళ్లు, కాస్త తేనె.
మా చెల్లికి అదే ఇస్తాను."
ఇచ్చేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు.
"నేను ఫోన్ చేశానని దానికి చెప్పకండేం.
పనిలో ఉంటుంది. ఆ పని పోతే
ఇద్దరం రోడ్డున పడతాం."
ఎంత స్పష్టంగా అన్నాడో.
"ఇంకేమైనా సహాయం కావాలా అండీ?" అన్నాను.
రాసిచ్చిన వాక్యం గనక గొంతు తప్పలేదు.

నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. తెర మీద ఎరుపు.
కాల్‌కి కారణం అన్న గడిలో
"ఇతరములు" నొక్కాను.
నలభై మూడు అప్పటికే మోగుతోంది.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో దీపం.
కప్పులో నీళ్లు చల్లారిపోయాయి.
పక్కన నాలుగు వంకర ముక్కలుగా నిమ్మకాయ.
ఆ పక్కన కత్తి,
నేను బీరువాలో పెట్టి తాళం వేసిన కత్తి.
"నీకు జలుబట," అన్నాడు లాక్లన్,
ఎవరో చెబితే విన్నట్టు.

ముందు అన్న చేతులు రెండూ పట్టుకుని
వేళ్లు లెక్కపెట్టాను.
పది.
అప్పుడు తాగాను.