ఇగురం

దేవరకొండ బస్టాండు ఎదురుంగ
జిరాక్సు దుకాణం మీది అర్రల
రాత్రి ఏడింటికి నా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు.
బోర్డు మీద రాసిన: ప్రూడెన్స్.

డిక్షనరీల ఉన్నదున్నట్టు చెప్పిన:
వివేకం, దూరదృష్టి, ముందుజాగ్రత్త.
మూడు మాటలూ ఇస్త్రీ అంగీల లెక్క
హ్యాంగర్లకే ఏలాడినయి,
ఎవ్వరికీ సైజు కాలే.

“వాక్యంల పెట్టి చెప్పుండ్రి సార్”
అన్నడు సెల్లులు బాగుజేసే జంగయ్య.

నాకెరుకైనకాడికి ఆ మాట
బ్యాంకు ఉత్తరాలల్ల కాపురముంటది.
‘ఇప్పట్ల మీకు లోనిచ్చుడు ప్రూడెంట్ కాదు’ అని
నాకే ఒకపారి వచ్చింది,
మెత్తగ, కింద పచ్చసిరా సంతకంతోటి.
ఇంటికాడ ఇంగ్లీషోళ్ళు గూడ దాన్ని ముట్టరు,
‘బీ కేర్‌ఫుల్’ అని తలుపేసుకుంటరు.
గిదంత చెప్పాల్నా, వద్దా?
సుద్దముక్క ఇరుసుకుంట నిలవడ్డ.

ఎనక బెంచిల అండాలు,
ఇత్తునాల దుకాణంల పద్దులు రాసే పిల్ల,
చెయ్యి లేపకుంటనే అన్నది:
“ఇగురం, సార్.”

ఫ్యాను సప్పుడొక్కటే.

“మా నాయిన నాలుగు బోర్లేసిండు. నాలుగూ దుమ్మే.
ఐదోదానికి బండి వాకిట్లకొచ్చింది.
మా అవ్వ అడ్డం పోలే, మొత్తుకోలే.
డ్రైవరుకు చాయ్ పోసింది.
‘బిడ్డా, నీళ్ళు పడితే నీ కిరాయెంత?
పడకపోతే ఎంత?’
‘రెండూ ఒకటేనమ్మా’ అన్నడాయన.
నాయిన పక్కనే ఉన్నడు, ఇన్నడు.
గిలాస ఖాళీ అయ్యేసరికి బండి మర్లింది.”

“తర్వాత?” జంగయ్య.

“ఆ పైసలకు రెండు బర్లు కొన్నం.
ఒకటి సచ్చింది.”

నవ్వలేదెవ్వరూ. నేను తుడిచిన
నా మూడు ఇస్త్రీ మాటలు.
ఇగురంగ తిను, ఇగురంగ మాట్లాడు,
ఇగురం లేని ఇంట్ల దీపం గూడ అప్పే —
అమ్మమ్మ నోట్లె నానిన మాట అది.
నేనే అటుక మీదికెక్కించి
నిచ్చెన తీసేసిన.

ఇంకోటి గూడ యాదికొచ్చింది, చెప్పలే:
పన్నెండేండ్ల సంది టీచరు పరీక్ష రాయకుంట
‘తొందరెందుకు’ అనుకుంట వస్తున్న.
అది ఇగురం కాదు.
ఆ బండికి నేను చాయ్ పొయ్యలే,
వాకిలే మూసుకున్న.

ఇంగ్లీషు బోర్డు మీద తెలుగుల రాసిన: ఇగురం.
“స్పెల్లింగు సార్?” అన్నడు జంగయ్య.

చందంపేట ఆఖరి బస్సు ఎనిమిది పదికి.
ఏడు యాభైకే అండాలు లేసింది,
ఒక చేతిల ఆధార్ కార్డు,
ఇంకో చేతిల టార్చి.
మెట్ల మీద లైటు ఎలుగుతనే ఉన్నది.
అయినా ఆమె టార్చి నొక్కి చూసుకున్నది,
ఒకపారి.