రేవు షెడ్డు గోడ

ముప్పై ఒక్క ఏళ్ళు
పిల్లల రాతలకి నేనొక్కదాన్నే పాఠకురాలిని,
అదీ ఎర్రకలంతో.
వాళ్ళు రాసేవాళ్ళు, నేను గీసేదాన్ని.
ఏడాది చివర ఆ నోటుబుక్కులు
చిలోయే చలికి పొయ్యి రాజేసుకోడానికి పనికొచ్చేవి.

ఆ మార్చిలో కాస్త్రో నుంచి ఒక శిక్షకురాలు వచ్చింది.
పాతికేళ్ళుండవు. తడిసిన బూట్లు గుమ్మంలో విడిచి,
"ఎవరు చదువుతారని రాస్తున్నారు వీళ్ళు?" అంది.
"నేను" అన్నాను.
"మీకు అన్నీ ముందే తెలుసుగా" అంది.
ఏం చెప్పాలో తోచక ఇంకో కప్పు టీ పోశాను.

పడవ రేవు దగ్గర
జనం వానకి తలదాచుకునే రేకుల షెడ్డులో
ఒక గోడ అడిగి తీసుకున్నాం.
ప్లాస్టిక్ కవర్లో కాగితం, నాలుగు మేకులు,
దారానికి కట్టిన పెన్సిలు.
చదివేవాళ్ళకి కొదవలేదు.
పడవ ఆలస్యమైతే మనిషి
మందుసీసా మీద అక్షరాలైనా చదువుతాడు.

మొదటి వారమంతా పిల్లలు నాకోసమే రాశారు:
"మా బడి అందమైనది. మా దీవి అందమైనది."
పెన్సిలు ముట్టుకున్నవాడు లేడు.

రెండో సోమవారం నెల్డా చిగ్వాయ్ చెయ్యెత్తింది.
"టీచర్, మరి మీరు రాయరేం?"
నవ్వాను.
ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి వంటగదిలో కూచున్నాను.
కర్త, కర్మ, క్రియ ముగ్గురూ పిలవగానే వచ్చారు,
బల్ల చుట్టూ కూచున్నారు,
చెప్పడానికి ఒక్కరి దగ్గరా ఏమీ లేదు.
పదింటికి ఒక వాక్యం. కొట్టేశాను.
పదకొండింటికి అదే వాక్యం, కొంచెం ముస్తాబై. మళ్ళీ కొట్టేశాను.
నా పిల్లలకి నలభై నిమిషాలిచ్చేదాన్ని,
గడియారం చూపిస్తూ.

చివరికి మిగిలింది ఇది:
"నాకు సముద్రమంటే భయం.
ఇన్నేళ్ళూ పడవలో కళ్ళు మూసుకునే వచ్చి
మీకు పాఠం చెబుతున్నాను."

పొద్దున్నే గోడకి తగిలించి దొంగలా తప్పుకున్నాను.
సాయంత్రం చూస్తే కింద పెన్సిలుతో:
"తెలుసు. మీరున్నప్పుడు అందుకే నెమ్మదిగా నడుపుతాను."
ఎలియేసెర్ రాత. పడవవాడు.
రెండు తప్పులున్నాయి అందులో.
ఎర్రకలం సంచిలోనే ఉంది, తియ్యలేదు.

ఆ తర్వాత గోడ మీద అందమైన దీవి కనపడలేదు.
చనిపోయిన కుక్క వచ్చింది, బంగాళదుంపల తెగులు వచ్చింది,
అక్క దాచుకున్న ఉత్తరం రాబోయి ఆగింది.

రోసమెల్ నావెల్కిన్ రాశాడు,
బల్ల మీద తల పెట్టి పడుకోవడం తప్ప
ఇంకేమీ చెయ్యడనుకున్న రోసమెల్:
"చేపల పెంపకం మూసేశారు. నాన్న ఇంట్లోనే ఉంటున్నాడు.
అన్ని తలుపులూ బాగుచేశాడు.
ఇంక తలుపుల్లేవు."

చదివి ఎంత మురిసిపోయానో!
వాణ్ణి ఒక్క మాట అడక్కుండా
నా చేత్తోనే మేకు కొట్టాను.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది,
కాగితం నాలుగు మడతలుగా గుప్పిట్లో.
"మా ఇల్లు రేవులో ఎందుకు వేలాడాలి?"
అరవలేదు. అరిచినా బాగుండేది.

ఏది గోడకి, ఏది గూటికి —
ఏ శిక్షణలోనూ చెప్పని పాఠం అది,
నాకు యాభై ఎనిమిదో ఏట,
ఒక పిల్లాడి ఖర్చుతో.

వాడికి క్షమాపణ చెప్పాను. భుజాలెగరేశాడు.
రెండు నెలలు వాతావరణం తప్ప ఏమీ రాయలేదు.
"ఉత్తరపు గాలి. పడవ అనుమానం."
"పొగమంచు. చాపలు ఎండేయకండి."
జనానికి అదే అలవాటైంది,
వాడి రెండు వాక్యాలు చదవందే
అవతలి ఒడ్డుకి ఎవరూ సంచీ సర్దడం లేదు.

ఎర్రకలం ఇప్పటికీ వాడతాను,
పడవ వేళలు మారినప్పుడు
ఆ గోడ మీదే, పెద్ద అంకెలతో.

మొన్న గురువారం అంకెలు దిద్దుతుంటే
పక్కన రోసమెల్ కాగితం, ఇంకా తడి ఆరని సిరా:
"సాయంత్రానికి జల్లులు. రేపు గాలి తగ్గుతుంది.
మా ఇంట్లో కొంచెం తెరిపిచ్చింది."

"ఇది ఉంచనా?" అడిగాను.
ఆలోచించాడు చాలాసేపు,
పడవ కూత వేసేదాకా.