సొంతదారు రాని గోతం

కళ్యాణదుర్గం డిపోలో
మరిచిపోయిన సామాన్ల రిజిస్టరుంది.
తొమ్మిదేండ్ల కిందటి పేజీలో నా చేతిరాతే:
"మదనపల్లి సర్వీసు. వెనక సీటు కింద
గోతం ఒకటి. వాసన వస్తోంది."

గొడుగు కోసం వచ్చినారు,
పెండ్లి ఫోటోల సంచి కోసం ఏడుస్తా వచ్చినారు,
ఒకాయన పండ్లసెట్టు కోసం కూడా వచ్చినాడు.
పనసపండు కోసం ఎవరూ రాలేదు.

మూడో దినం తలకు రెండు తొనలు తిన్నాం.
గింజలు ఉడకేసి, ఉప్పు కలిపి
నైటౌటు డ్రైవర్లు నమిలేసినారు.
ఒక్క గింజను మాత్రం
మెకానిక్కు దస్తగిరి
స్క్రూడ్రైవరుతో మన్ను గీకి
బస్సులు కడిగే ర్యాంపు పక్కన పాతినాడు.

నవ్వినాం.
వేరుశనక్కే వాన చాలని నేల.
బోరు వేస్తే దుమ్ము దగ్గే నేల.
"అది కొండ చెట్టప్పా, ఈడ బతకదు"
అన్నాడు స్టోర్సు వన్నూరప్ప.
ఇంజన్ల మాట తప్ప
దస్తగిరి ఎవరి మాటా వినడు.

రోజుకు నలభై బస్సుల మురికి తాగింది ఆ చెట్టు.
రాయదుర్గం దుమ్ము, కంబదూరు బురద,
కిటికీల్లోంచి కక్కిన పిల్లల వాంతులు,
ఎవరి చేను మన్నో, ఏ చక్రం మోసిందో,
అంతా దాని వేరు దగ్గర దిగింది
టికెట్ లేకుండా.

ఈ ఎండాకాలం
మోకాలెత్తున, మానుకు ఆనుకొని
ఒకే ఒక్క కాయ,
ముడుచుకున్న ముళ్లపంది పిల్ల మాదిరి.
మేనేజరు వేలమేస్తానన్నాడు మొదట.
తర్వాత ఏమనుకున్నాడో
కోతులకు కనపడకుండా పాత సీటు కవరు తొడిగించినాడు.

వాసన మొదలైంది బేస్తవారం రాత్రి.
డీజిలు మీద నడుచుకుంటా వచ్చింది.
క్యాషు కౌంటర్లో చిల్లర లెక్క తప్పించింది.
పడుకున్న డ్రైవర్ల దుప్పట్లెత్తి చూసింది.

దస్తగిరికి తెలియలేదు.
కరోనా జ్వరం ఆయన్ని వదిలిపోతా
ముక్కును తీసుకుపోయింది.
నాలుగేండ్లుగా
మల్లెపూలూ, మాడిన క్లచ్చూ ఒకటే ఆయనకు.

తెల్లారుజామున వచ్చి గొంతుక్కూర్చున్నాడు.
స్క్రూడ్రైవరు పిడితో కాయను తట్టినాడు.
చెవి ఆనించినాడు,
నడవనని మొరాయించే బండిని విన్నట్టు.
"పండింది" అన్నాడు.

పనస కోయాలంటే చేతులకు నూనె రాసుకోవాలంటారు.
మా గ్యారేజీ చేతులకు ఆ పని లేదు.

తొన అరచేతిలో పెట్టుకొని నన్నడిగినాడు:
"ఎట్లుందిరా వాసన?"
ఇరవై ఏండ్లు స్టేజీల పేర్లు అరిచిన నోరు నాది,
ఒక్క మాట దొరకలేదు.
"మదనపల్లి బస్సు మాదిరి ఉందన్నా" అన్నాను కడాకు.
తలూపినాడు.
కండ్లు మూసుకొని చాలాసేపు నమిలినాడు.

ఐదూ పదికి రాయదుర్గం బండెక్కినాను.
బ్యాగు పట్టీకి, టికెట్ మిషనుకు, వేళ్ళ సందుల్లో అదే.
రెండో సీటు ముసలామె ముక్కెగరేసి
కిందికి వంగి వెతికింది.
"ఎవురిదప్పా పండు?"

చిల్లర చేతిలో పెట్టి
ముందుకు నడిచినాను.